డీజిల్ కారుకు మైలేజీ: తగిలించేవి తక్కువ, తీసేసేవి ఎక్కువ

మైలేజీ తగ్గిందని బండిని షెడ్డుకు తీసుకెళ్తే మొదట వినిపించే మాట "ఇంజెక్టర్లు పోయినయ్ సార్". ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఆ ఇంజెక్టర్లు నిజంగా పోయేది ఎప్పుడో ఒకసారి మాత్రమే. చాలాసార్లు లోపం టైర్ల గాలిలోనో, చిట్లిన రబ్బరు గొట్టంలోనో, ఎవరో తీసి పారేసిన, ఇంజిన్ నీటి వేడిని అదుపు చేసే థర్మోస్టాట్‌లోనో, ఎక్సలేటర్ మీది కాలిలోనో ఉంటుంది. కంపెనీ ఇచ్చిన బండికి కొత్తగా ఏదో తగిలించి మైలేజీ పెంచడం కష్టం. తర్వాత వచ్చి చేరినవి తీసేసి, చెడినవి సరిచేస్తే పోయిన మైలేజీలో చాలా భాగం తిరిగి వస్తుంది.

ముందు కొలత

డ్యాష్‌బోర్డు మీద కనిపించే సగటును పట్టుకుని లెక్కలు వేయొద్దు. చాలా బండ్లలో అది అసలుకంటే 5 నుంచి 10 శాతం ఎక్కువ చూపిస్తుంది. ట్యాంకు నుంచి ట్యాంకుకు కొలవడమే సరైన పద్ధతి. ఒక బంకును, వీలైతే ఒకే గన్నును ఎంచుకోండి. గన్ను మొదటిసారి దానంతట అదే ఆగిన దగ్గర ఆపించండి. "రౌండ్ ఫిగర్ చేద్దాం సార్" అంటే ఒప్పుకోవద్దు. ట్రిప్ మీటర్ సున్నా చేసి కనీసం 400 కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో మళ్లీ మొదటి కటాఫ్ దాకా పోయించండి. తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగిస్తే మైలేజీ వస్తుంది. కటాఫ్ కొంచెం అటూఇటుగా పడుతుంది. 20 లీటర్లలో లీటరు తేడా వస్తే లెక్క 5 శాతం మారుతుంది. అందుకే మూడు ట్యాంకుల సగటు తీయండి. పక్కనే ఆ ట్యాంకులో ఏసీ ఎంత వాడారో, ఎక్కువగా ఊళ్లో తిరిగారో హైవే మీద తిరిగారో రాసుకోండి. మే నెల అంకెను డిసెంబరు అంకెతో పోలిస్తే అర్థం లేదు.

ఓడోమీటర్ కూడా కొంత అబద్ధం ఆడుతుంది, ముఖ్యంగా టైర్ల సైజు మార్చిన బండిలో. వరంగల్ నుంచి జనగామ దారిలో కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ 20 కిలోమీటర్లు నడిపి, ఫోన్‌లోని జీపీఎస్‌తో సరిపోల్చుకుంటే ఎంత తేడా ఉందో తెలుస్తుంది.

బంకు మీద అనుమానం ఉంటే ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపించమని అడిగే హక్కు మీకుంది. అందులో 25 మిల్లీలీటర్ల దాకా తేడాను అనుమతిస్తారు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పోయిస్తే ఎక్కువ డీజిల్ వస్తుందనే లెక్కను మాత్రం వదిలేయండి. భూమిలో ఉన్న ట్యాంకు వేడి పొద్దున, మధ్యాహ్నం పెద్దగా మారదు.

ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగే బండి మైలేజీ లీటరుకు 18 నుంచి 21 కిలోమీటర్లకు పెరిగితే సుమారు 119 లీటర్లు మిగులుతాయి. లీటరు 95 రూపాయలు అనుకుంటే 11,300 రూపాయలు. కింది పనులన్నింటికీ కలిపి పెట్టే ఖర్చు అంతకు లోపే ఉండాలి. దాటుతోందంటే ఎవరో మీకు ఏదో అమ్ముతున్నారని అర్థం.

చక్రాలు, బ్రేకులు

టైర్లలో ఎంత గాలి ఉండాలో డ్రైవర్ వైపు తలుపు తెరిస్తే స్తంభం మీద స్టిక్కర్‌లో రాసి ఉంటుంది. టైరు మీద రాసిన అంకె గరిష్ఠ పరిమితి, అది మీకు కావలసింది కాదు. స్టిక్కర్ మీద నిండు లోడుకు ఇచ్చిన అంకెను పెట్టుకోవచ్చు, దాన్ని దాటొద్దు. 8 పీఎస్‌ఐ తక్కువైతే మైలేజీలో 2, 3 శాతం పోతుంది, టైరు అంచులు కూడా త్వరగా అరుగుతాయి. బండి కదలకముందు, పొద్దున చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. మే ఎండలో కరీంనగర్ నుంచి వచ్చి వెంటనే కొలిస్తే 4, 5 పీఎస్‌ఐ ఎక్కువ కనిపిస్తుంది. ఎక్కువైందని గాలి వదిలేస్తే మర్నాటి పొద్దుటికి తక్కువవుతుంది. పంక్చర్ దుకాణాల్లో మీటర్లు ఒకదానికొకటి పొంతన ఉండవు కాబట్టి ఒక సొంత గేజి కొనుక్కోవడం మంచిది.

బ్రేకు పట్టేస్తోందేమో చూడటం చాలామందికి గుర్తుకే రాదు. ఖాళీ రోడ్డు మీద పది కిలోమీటర్లు నడిపి, చివర్లో బ్రేకు వాడకుండా బండి దానంతట అదే ఆగేలా వదలండి. దిగి నాలుగు రిమ్ముల దగ్గరికీ చేయి పోనివ్వండి. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే ఆ చక్రం బ్రేకు వదలడం లేదు. ముందు చక్రమైతే బ్రేకు ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ పిన్నులు ఎండిపోయి ఉంటాయి, విప్పి శుభ్రం చేసి బ్రేకు గ్రీజు పెడితే సరిపోతుంది. వెనకదైతే ఎక్కువగా హ్యాండ్ బ్రేక్ కేబుల్‌దే తప్పు. జాకీ మీద లేపి చేత్తో తిప్పితే చక్రం పట్టేయకుండా సులువుగా తిరగాలి.

పెద్ద గుంతలో పడ్డాక అలైన్‌మెంట్ చూపించండి. ముందు చక్రాల టో (లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పితే టైరు దొర్లకుండా రాసుకుంటూ పోతుంది. టైరు మీద చేయి అడ్డంగా రాస్తే ఒక వైపు నున్నగా, మరో వైపు రంపం పళ్లలా తగులుతుంది.

గాలి దారి: షెడ్డులో ఎక్కువగా మరిచిపోయేది

టర్బో ఇంజిన్ లాగిన గాలి ఫిల్టర్ గుండా టర్బో అనే గాలి పంపుకు, అక్కడ ఒత్తిడితో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కు, అక్కణ్నుంచి ఇంజిన్‌కు పోతుంది. ఈ దారిలో ఎక్కడ లీకైనా డీజిల్‌కు తగిన గాలి అందక నల్ల పొగ వస్తుంది, పికప్ తగ్గుతుంది. డ్రైవర్ కాలు మరింత కిందికి పోతుంది, మైలేజీ అక్కడే పోతుంది.

ముందుగా ఇంటర్‌కూలర్ గొట్టాలు చూడండి. 1.3 లీటర్ మల్టీజెట్ ఇంజిన్ ఉన్న స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఇండికా విస్టా, పుంటో లాంటి పాత బండ్లలో ఈ రబ్బరు గొట్టం చిట్లడం చాలా మామూలు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు చూస్తే చీలిక కనిపించదు, లోపల ఒత్తిడి పెరిగినప్పుడే నోరు తెరుస్తుంది. గొట్టాన్ని చేత్తో వంచి, కిందివైపున నూనె జిడ్డు ఉందేమో చూడండి. కొత్త జిడ్డు, దానికంటుకున్న దుమ్ము ఉన్నచోటే లీకు ఉంటుంది. కనిపించకపోతే సబ్బు నీళ్లు పూసి, మరొకరిని బండిలో కూర్చోబెట్టి రేజ్ చేయించండి. బుడగలు వచ్చినా, సన్నటి ఈల వినిపించినా దొరికినట్టే. టేపు చుట్టడం రెండు రోజుల ముచ్చట. గొట్టం మార్చి, క్లిప్పు కూడా కొత్తది వేయించాలి.

ఎయిర్ ఫిల్టర్ మారిస్తే లీటరుకు నాలుగు కిలోమీటర్లు పెరుగుతాయనే మాట నమ్మొద్దు. బాగా మూసుకుపోతే తప్ప మైలేజీలో తేడా చిన్నదే. అయినా మన దగ్గర దాన్ని పట్టించుకోవాల్సిందే. కరీంనగర్ గ్రానైట్ క్వారీల దారులు, గోదావరిఖని, భూపాలపల్లి వైపు బొగ్గు టిప్పర్ల వెనక నడిచే బండి, వరికోతల దుమ్ము తినే బండి మాన్యువల్‌లో రాసిన దూరంలో సగానికే ఫిల్టర్ మార్చుకోవాలి. కాగితం ఫిల్టర్‌ను నీళ్లతో కడగొద్దు. గాలి కొట్టాలంటే లోపలి వైపు నుంచి బయటికి, జానెడు దూరం నుంచి, తక్కువ ఒత్తిడితో కొట్టాలి. బయటి నుంచి కొడితే దుమ్ము కాగితంలోకి ఇంకా దిగుతుంది. బిగించాక డబ్బా మూత చుట్టూ క్లిప్పులన్నీ పడ్డాయో లేదో చూడండి. ఒక్క క్లిప్పు వదులైనా ఫిల్టర్ దాటి పోయే దుమ్ము నేరుగా టర్బో రెక్కల్ని తింటుంది. ఆ ఖర్చు ముందు మైలేజీ లెక్క ఏ మూలకూ రాదు.

పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసితో పట్టేసి సగం తెరిచి ఉండిపోతే కూడా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. విప్పి కార్బ్ క్లీనర్‌తో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో మసి తీసి, కొత్త గ్యాస్కెట్‌తో బిగించాలి. రేకు ముక్క పెట్టి ఈజీఆర్‌ను మూసేస్తే మైలేజీ పెరుగుతుందని చాలాచోట్ల చేస్తారు. కొత్త బండ్లలో దాని ఫలితం చెక్ ఇంజిన్ లైటు, నైట్రోజన్ ఆక్సైడ్ల పొగ, అంతే.

థర్మోస్టాట్

ఎండాకాలం బండి వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకేసి, "ఇక్కడి ఎండలకు ఇది అవసరం లేదు" అనే మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. మైలేజీని ఇంత నిశ్శబ్దంగా తినే పని ఇంకోటి లేదు. డీజిల్ ఇంజిన్ నీటి వేడి సుమారు 85–95 డిగ్రీల మధ్య ఉంటేనే సరిగా నడుస్తుంది. 65 దగ్గరే ఆగిపోతే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని డీజిల్‌ను ఆ లెక్కన పంపుతుంది, ఆయిల్ చిక్కగా ఉండి రాపిడి పెరుగుతుంది. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండిలో మసి కాల్చే పని కూడా మొదలవదు.

పరీక్ష సులువు. రాత్రంతా ఆగిన బండిని స్టార్ట్ చేసి రేడియేటర్ పైగొట్టం మీద చేయి వేయండి. మొదటి కొన్ని నిమిషాలు చల్లగా ఉండి, ఇంజిన్ వేడెక్కాక ఒక్కసారిగా వేడి రావాలి. మొదటి నుంచీ మెల్లగా వేడెక్కుతూ వస్తే థర్మోస్టాట్ లేదు, లేదా తెరుచుకుని పట్టేసింది. చేయి ఫ్యాను రెక్కలకు దూరంగా ఉంచండి. విప్పి తీసినదాన్ని దారంతో గిన్నెలోని నీళ్లలో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి పొయ్యి మీద కాచితే దాని మీద చెక్కిన వేడికి అటూఇటుగా తెరుచుకోవాలి. బండి నిజంగానే వేడెక్కుతుంటే కారణం వేరే చోట వెతకాలి: మూసుకుపోయిన రేడియేటర్, తిరగని ఫ్యాను, కూలెంట్ బదులు పోసిన బోరు నీళ్లు. బోరు నీళ్లలోని సున్నం రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటుంది. ఏనుమాముల మార్కెట్ వైపు పత్తి సీజన్లో తిరిగే బండ్లకైతే ఏసీ కండెన్సర్ ముందు దూది పోగులు పొరలా పట్టేస్తాయి. సన్నటి నీటి ధారతో కడిగితే చాలు, ప్రెషర్ గన్ను దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి.

డీజిల్ దారి, ఆయిల్

డీజిల్ ఫిల్టర్ కింద నీళ్లు వదిలే స్క్రూ ఉంటుంది. వానాకాలంలో నెలకోసారి కొద్దిగా విప్పి గాజు సీసాలోకి పట్టండి. అడుగున నీటి పొర కనిపిస్తే శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదిలి బిగించండి. ఫిల్టర్ మార్చాక గాలి తీయకుండా స్టార్టర్ కొడుతూ ఉండొద్దు. చేతి పంపు ఉంటే గట్టిపడేదాకా నొక్కాలి. లేకపోతే తాళం ఆన్ చేసి, పంపు శబ్దం ఆగేదాకా ఉండి, ఆఫ్ చేసి, అలా నాలుగైదు సార్లు చేయాలి.

ఇంజెక్టర్లను అనుమానించే ముందు లీక్-బ్యాక్ పరీక్ష చేయించండి. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు నాలుగు ఒకేలాంటి సీసాలు తగిలించి ఐదు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచుతారు. ఒక సీసా మిగతావాటికి రెట్టింపు నిండితే ఆ ఒక్కటే చెడింది. నాలుగూ మార్చాలంటే ఎందుకని అడగండి. మార్చిన ఇంజెక్టర్ మీది కోడ్‌ను స్కానర్‌తో ఈసీయూలో ఎక్కించాలి. ఆ పని వదిలేస్తే కొత్త ఇంజెక్టర్‌తో కూడా మైలేజీ రాదు.

ఆయిల్ మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించండి. ఎక్కువ బండ్లకు అది 5డబ్ల్యూ-30. డ్రమ్ములోంచి పోసే చిక్కటి 20డబ్ల్యూ-40 వద్దు. డిప్‌స్టిక్ మీద గరిష్ఠ గీత దాటేలా పోసినా నష్టమే, క్రాంకు ఆయిల్‌ను చిలుకుతుంది.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో డీపీఎఫ్ ఉంటుంది. సుబేదారి నుంచి హన్మకొండ చౌరస్తా, మళ్లీ ఇంటికి, ఇలా రోజూ మూడు నాలుగు కిలోమీటర్లే తిరిగితే మసి కాలే అవకాశం రాదు. వారానికోసారి ములుగు రోడ్డో జనగామ రోడ్డో పట్టుకుని 20–30 నిమిషాలు 60కి పైన, 2000 ఆర్‌పీఎం దగ్గర నడపండి. ఐడిలింగ్ కొంచెం పెరిగి, ఫ్యాను గట్టిగా తిరుగుతూ, కాలిన వాసన వస్తుంటే మసి కాలుతోందని గుర్తు. అప్పుడు బండి ఆపేయొద్దు. పదేపదే మధ్యలో ఆపితే కాలని డీజిల్ ఆయిల్‌లోకి దిగి, డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతూ వస్తుంది. ఆయిల్ పెరిగిందని సంతోషపడకుండా మార్పించండి.

తీసేయాల్సినవి

మేడారం జాతరకు బిగించిన క్యారియర్ రెండేళ్ల తర్వాత మళ్లీ జాతర వచ్చేదాకా బండి నెత్తి మీదే ఉండటం మన దగ్గర కొత్త కాదు. ఖాళీ క్యారియర్ కూడా హైవే మీద 5 శాతం దాకా తింటుంది. టార్పాలిన్ కప్పిన లోడుతో 80లో వెళ్తే 15–25 శాతం పోయినా ఆశ్చర్యం లేదు. నాలుగు బోల్టులు విప్పే పనికి 13 నంబర్ పానా, పావుగంట సమయం సరిపోతాయి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లాభం ఇచ్చే మార్పు ఇంకోటి లేదు.

ముందు ఇనుప గార్డును 2017 చివర్లోనే కేంద్రం నిషేధించింది. బరువు, గాలి అడ్డు రెండూ పెంచేది కాబట్టి ఆ వంకతోనైనా తీసేయండి. డిక్కీలో ఎప్పుడూ ఉండే వడ్ల సంచి, నీళ్ల క్యాన్లు దించండి. బరువు దెబ్బ హైవే మీదకంటే ఆగుతూ కదులుతూ పోయే ఊళ్లో ఎక్కువ. ఇంజిన్ కింది ప్లాస్టిక్ షీల్డు స్పీడ్ బ్రేకర్‌కు తగిలి ఊడితే పారేయకుండా మళ్లీ బిగించండి, కింద గాలి సాఫీగా పోవడానికే అది ఉంది.

అందం కోసం పెద్ద టైర్లు వేస్తే రెండు రకాలుగా దెబ్బ. 185/65 ఆర్15 టైరు వ్యాసం సుమారు 621 మిల్లీమీటర్లు, 195/65 ఆర్15ది 634. ఓడోమీటర్ 2 శాతం తక్కువ చూపిస్తుంది కాబట్టి లెక్కలో మైలేజీ పడిపోయినట్టు కనిపిస్తుంది. వెడల్పు, బరువు పెరగడం వల్ల నిజంగా కూడా కొంత పడిపోతుంది.

నడిపే తీరు

గాలి అడ్డు వేగానికి వర్గంలో పెరుగుతుంది. 80 నుంచి 100కి పోతే అది 56 శాతం ఎక్కువ. హైదరాబాద్–వరంగల్ సుమారు 145 కిలోమీటర్లు. 80 దగ్గర లీటరుకు 24 ఇచ్చే బండి 100 దగ్గర 19, 20 ఇస్తుంది. అంటే లీటరున్నర దాకా ఎక్కువ డీజిల్, సుమారు 130 రూపాయలు. ఆగకుండా అదే వేగంతో పోయారనుకున్నా మిగిలే సమయం 22 నిమిషాలు. ఆ 22 నిమిషాలు మీకు ఎంత విలువైనవో మీరే తేల్చుకోండి.

దానికంటే పెద్ద ఖర్చు బ్రేకు. మనుషులతో కలిపి 1,200 కిలోల బండిని 80 వేగానికి తేవడానికి, రాపిడి లెక్క వదిలేసినా, 20–25 మిల్లీలీటర్ల డీజిల్ కాలుతుంది. స్పీడ్ బ్రేకర్ దగ్గరికి వచ్చాక గట్టిగా బ్రేకు కొడితే ఆ రెండు రూపాయలూ వేడిగా మారి బ్రేకు ప్యాడ్లలో పోతాయి. వరంగల్–కరీంనగర్ దారిలో ఊరూరికీ బ్రేకర్లే. యాసంగి కోతలప్పుడైతే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. దూరం నుంచే చూసి, గేరులోనే ఉంచి ఎక్సలేటర్ వదిలేయండి. గేరులో ఉండగా కాలు తీస్తే ఈసీయూ డీజిల్ పూర్తిగా ఆపేస్తుంది, బండి ఊపుకే ఇంజిన్ తిరుగుతుంది. న్యూట్రల్ వేస్తే మాత్రం ఐడిలింగ్ కోసం డీజిల్ కాలుతూనే ఉంటుంది. నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వేసేవాళ్లు మిగిల్చేది ఏమీ లేదు, బ్రేకులు వేడెక్కి పట్టు తప్పే ప్రమాదం అదనం. అన్నట్టు, రోడ్డు మీది గడ్డి మీదుగా పోవద్దు. సైలెన్సర్ వేడికి చుట్టుకున్న గడ్డి అంటుకుంటుంది.

మెల్లగా నడపడమే పొదుపు అనుకుని టాప్ గేరులో 1,200 ఆర్‌పీఎం దగ్గర ఈడ్చొద్దు. ఇంజిన్ వణుకుతుంది, టర్బో గాలి అందదు, ఫ్లైవీల్ మీద భారం పడుతుంది. 1,800–2,000 మధ్య గేరు మారుస్తూ, ఎక్సలేటర్ సగానికి కొంచెం పైగా తొక్కి, కావలసిన వేగానికి త్వరగా చేరి టాప్ గేరులో నిలకడగా ఉండటమే మంచిది. డీజిల్ ఇంజిన్ ఓ మోస్తరు భారం మీదే బాగా పొదుపుగా పని చేస్తుంది. గడ్డ ఎక్కేటప్పుడు వేగం పది తగ్గితే తగ్గనివ్వండి, అవతల దిగేటప్పుడు అదే వస్తుంది.

నిలబడ్డ బండిలో 1.3, 1.5 లీటర్ ఇంజిన్ గంటకు సుమారు అర లీటరు తాగుతుంది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. కాజీపేట వైపు జామ్‌లో నిమిషం దాటి ఆగేలా ఉంటే ఆపేయడం లాభమే. హైవే మీద గట్టిగా నడిపి వెంటనే దాబా దగ్గర ఆపితే మాత్రం ఒక అర నిమిషం, నిమిషం ఐడిలింగ్‌లో ఉంచాకే ఆపాలి. టర్బో బేరింగు చల్లబడాలి. పొద్దున స్టార్ట్ చేశాక ఐదు నిమిషాలు నిలబెట్టి వేడి చేయడం అనవసరం. అర నిమిషం ఆగి మెల్లగా కదిలితే నడకలోనే త్వరగా వేడెక్కుతుంది.

ఏసీ విషయంలో వరంగల్ ఎండకు నీతులు పనికిరావు. ఎండలో ఆగిన బండి తలుపులు నిమిషం తెరిచి, అద్దాలు దించి కొంత దూరం పోయాక ఏసీ వేసి, తర్వాత లోపలి గాలే తిరిగేలా పెట్టుకోండి. 18 బదులు 24–25 చాలు. ఊళ్లో 50 లోపు వేగంలో అద్దాలు దించుకోవచ్చు. 80లో అద్దాలు దించితే గాలి అడ్డు పెరుగుతుంది, అక్కడ ఏసీయే నయం.

డబ్బు పెట్టొద్దు అనేవి

డీజిల్ పైపుకు తగిలించే అయస్కాంతాలు, హైడ్రోజన్ కిట్లు, సిగరెట్ లైటర్‌లో పెట్టే "సేవర్లు" దేనికీ పనికిరావు. ఈసీయూ లెక్కలు మార్చే ట్యూనింగ్ బాక్సులు, రీమ్యాప్ పికప్ ఇస్తాయి, ఆ పికప్‌ను వాడితే డీజిల్ కూడా పోతుంది. వారంటీ పోవడం, మోటారు వాహన చట్టం 52వ సెక్షన్ కింద ఇబ్బంది అదనం. కిరోసిన్ కలపడం పాత అంబాసిడర్ల కాలపు అలవాటు. కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నింటికీ ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందించే ఒకే గొట్టం) పంపు డీజిల్‌లోని జిడ్డుతోనే కందెన పొందుతుంది, కిరోసిన్‌లో అది తక్కువ. పంపు అరిగి, ఇనుప రజను ఇంజెక్టర్ల దాకా పోతే ఆ రైల్ గొట్టం నుంచి ట్యాంకు దాకా కడగాల్సి వస్తుంది.

డీఈఎఫ్ (పొగను శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే ద్రవం) పోయాల్సిన బండ్లకు ఇంకో ప్రమాదం ఉంది. అందులో ఉండేది 32.5 శాతం యూరియా ద్రావణమే కదా అని ఇంట్లోని యూరియా బస్తా లోంచి కలిపి పోయొద్దు. మన ఎరువుల దుకాణంలో దొరికే యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, పొలానికి చెల్లే మలినాలు ఉంటాయి. అవి డీఈఎఫ్ ఇంజెక్టర్‌ను మూసేసి, లోపలి కెటలిస్టును పాడు చేస్తాయి. పొరపాటున పోసి ఉంటే బండి స్టార్ట్ చేయకుండా, తాళం కూడా ఆన్ చేయకుండా, ముందు ఆ ట్యాంకు ఖాళీ చేయించండి.